దెయ్యం పట్టీ మీద రబ్బరు బుష్‌లు

బుధవారం పొద్దున ఎల్వుడ్ కోవాలిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, కారు ముందు చక్రాల బుష్‌లకు ఆర్డరు పెట్టడం, వంటింటి కుళాయి కారుతోందని భార్య డార్లీన్ గుర్తు చేసేలోపు ఇంట్లోంచి బయటపడడం. ఈ మూడింటిలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

కారంటే మామూలు కారు కాదు. అరవై తొమ్మిది మోడల్ షెవెల్. ముదురు ఆకుపచ్చ ఒళ్ళు, ఇంజను మూత మీద రెండు తెల్లచారలు, స్టార్ట్ చేస్తే పక్కింటి కిటికీ అద్దాలు గల్లుమనే ఇంజను. అది మామగారు క్లైడ్ టకెట్ కారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళలో ఎల్వుడ్ ఆదివారం చర్చికి ఆలస్యంగా వెళ్ళిన సందర్భాలున్నాయి గానీ, ఆదివారం ఆ కారుకు మైనం పుయ్యని సందర్భం లేదు. నడిపింది, తోమింది, తుడిచింది అంతా ఎల్వుడే. కాయితం మాత్రం అత్తగారు వెల్మా పేర ఉంది.

వెల్మాకు ఎనభై నాలుగేళ్ళు. తమ ఊరు అక్రాన్‌లోని రబ్బరు ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు టైర్లను అచ్చుపోసే వేడి ప్రెస్సుల దగ్గర నిలబడి పనిచేసిన మనిషి. ఏటా జూన్‌లో ఒక శనివారం ఫ్యాక్టరీ పాతవాళ్ళంతా మూతపడిన గేటు ముందు నుంచి కార్లలో ఊరేగి, షిఫ్టు సైరనుకు గుర్తుగా మూడుసార్లు హారన్ కొట్టి, ఆ తర్వాత కోడి వేపుడూ కారపన్నమూ తిని ఇళ్ళకు పోతారు. పోయినేడు ఆ ఊరేగింపులో షెవెల్ ముందు చక్రాలు గుంత గుంతకూ టకటకలాడాయి. వెల్మా కట్టుడు పళ్ళు కూడా వాటితో తాళం వేశాయి.

"వచ్చేసారి చప్పుడు చెయ్యకుండా తీసుకెళ్ళు. గేటు దగ్గరే కాయితం నీ పేర రాసిస్తాను," అని ఆవిడ అప్పుడే చెప్పింది. "లేదూ, నీ చేత కాదంటావా, క్లైడ్ అన్నగారి కొడుకు రాండల్ ఉన్నాడు. ఆర్నెల్లకోసారి అడుగుతూనే ఉన్నాడు."

రాండల్ కొలంబస్‌లో ఉంటాడు. కారుకు కొత్తరంగు వేయించి, వాన తగలని షెడ్డులో గాజుబొమ్మలా దాచుకోవాలని ఆయన కోరిక. ఆ మాట తలుచుకుంటేనే ఎల్వుడ్‌కు అన్నం సయించదు. ఈ ఏటి ఊరేగింపు ఈ శనివారమే.

"అత్తయ్యా, టకటక ఎక్కడిదో తెలిసింది. ముందు చక్రాల్ని పట్టి ఉంచే ఆర్మ్‌ల కీళ్ళలో, కుదుపు తినే బుష్‌లు పోయాయి. కొత్తవి వేస్తే సరిపోతుంది," అన్నాడు ఎల్వుడ్ కాఫీ కప్పు దింపుతూ.

"రబ్బరువి వెయ్యి."

"ఇప్పుడు పాలీవి కూడా వస్తున్నాయి..."

"పాలీ ఎవరు?"

"మనిషి కాదత్తయ్యా. పాలీయురితేన్ అని, అదొక రకం..."

"ప్లాస్టిక్," అంది వెల్మా. టోస్టు మీద వెన్న రాయడం ఆపేసింది. "ఈ ఇంటి పైకప్పు రబ్బరు పెట్టింది. నీ పెళ్ళాం చదువు రబ్బరు పెట్టింది. క్లైడ్ ఊపిరితిత్తుల్లో సగం రబ్బరే. ఆ మనిషి కారుకి ప్లాస్టిక్ తగిలిస్తావా?"

"అయ్యో, నేనెక్కడన్నానండీ! రబ్బరే. రబ్బరు తప్ప ఇంకేం వేస్తాను?"

ఎల్వుడ్ మంచివాడు. ఆయనలో ఒకటే లోపం. ఎదుటివాళ్ళు ఏమన్నా 'సరే' అనడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆ అలవాటుతోనే కంచె దగ్గరకు నడిచాడు. కంచె అవతల డ్వైట్ ఉంటాడు. ఆర్మ్‌లలోంచి పాత బుష్‌లు ఊడదీసి కొత్తవి దిగ్గొట్టాలంటే బలంగా నొక్కే ప్రెస్ మిషను కావాలి. ఆ వీధిలో ప్రెస్ ఉన్నది డ్వైట్ గ్యారేజీలోనే. ప్రెస్‌తోపాటు అభిప్రాయాలు కూడా అక్కడ దండిగా ఉంటాయి.

"రబ్బరా?" అన్నాడు డ్వైట్, చెప్పకూడని రోగం పేరు విన్నట్టు. "ఒరే, నువ్వు కారు నడుపుతున్నావా, ఉయ్యాల ఊగుతున్నావా? మలుపులో స్టీరింగ్ తిప్పితే ముక్కు ఒకవైపు పోతుంది, చక్రాలు బాగా ఆలోచించుకుని తీరిగ్గా ఇంకోవైపు వస్తాయి. పాలీ వేసి చూడు. గీత గీసినట్టు పోతుంది."

"గుంతలు తెలుస్తాయంటారు కదా?"

"తెలియాలి! గుంత తెలియని మనిషి ఇంట్లో సోఫాలో కూచోవాలి. నా ప్రెస్‌లో రబ్బరు పెట్టనివ్వను, ముందే చెప్తున్నా."

"సరే," అన్నాడు ఎల్వుడ్.

అలా రెండు సరేలకు రెండు పెట్టెలు ఆర్డరు పెట్టాల్సి వచ్చింది.

గురువారం మధ్యాహ్నానికి రెండూ వచ్చేశాయి. రబ్బరు పెట్టె వీధి గుమ్మంలోంచి దర్జాగా ఇంట్లోకి వచ్చింది. వెల్మా ఒక బుష్ చేతిలోకి తీసుకుని, బొటనవేలి గోటితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఇదీ రబ్బరంటే," అంది. అంతకంటే మెచ్చుకోలు ఆవిడ అల్లుడి మీద కూడా ఎన్నడూ ఖర్చు పెట్టలేదు. పాలీ పెట్టె డ్వైట్ ఇంటికి వెళ్ళింది. తెరిచి చూస్తే అందులోవి మంకెనపువ్వు రంగులో మెరిసిపోతున్నాయి.

ఎల్వుడ్ అప్పటికింకా ఏది వేయాలో తేల్చుకోలేదు. ఆ సాయంత్రం డ్వైట్ ప్రెస్ కింద పాత బుష్ ఒకటి ఫట్‌మని ఊడి నేల మీద పడింది. డ్వైట్ దాన్ని తీసి, వేలితో గీకి, లైటు కిందకు పట్టుకెళ్ళి, అక్కడే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

నల్లరంగు పెచ్చులుగా లేచిపోయింది. దాని కింద ఎరుపు. ఏళ్ళ తరబడి ఎండి, గ్రీజు చుక్క ఎరగక, సగానికి అరిగిపోయిన ఎర్రటి పాలీ.

"మీ మామ!" అన్నాడు డ్వైట్ కళ్ళు తుడుచుకుంటూ. "ముప్ఫై నాలుగేళ్ళు రబ్బరు కొలువు చేసిన క్లైడ్ టకెట్! దొంగతనంగా పాలీ వేసుకుని పైన నల్లరంగు పూశాడురా! గ్రీజు పెడితే పెళ్ళాం పసిగడుతుందని పొడిగా బిగించాడు. ఆ రోజుల్లో ఈ కారు కీచుకీచుమనేది, గుర్తుందా? స్ప్రింగులు, స్ప్రింగులు అనేవాడు పాపం!"

ఎల్వుడ్‌కు నవ్వు రాలేదు. అత్తగారి మంచం పక్కన క్లైడ్ ఫొటో ఉంటుంది. ఫ్యాక్టరీ చొక్కాతో, చేతిలో టైరుతో. రోజూ పొద్దున ఆవిడ ఆ ఫొటో తుడుస్తుంది. ఈ ముక్క ఆవిడ కంటపడితే ఆ ఫొటో ఏమైపోవాలి?

"ఈ సంగతి ఈ గ్యారేజీ దాటకూడదు," అన్నాడు.

"దాటదులే. అయితే మరి ఏవి వేద్దాం? క్లైడే పాలీ అన్నాక నీకింకా అనుమానమేంటి?"

నిజానికి ఎల్వుడ్‌కు కూడా లోలోపల ఆ ఎర్రవాటి మీదే మనసుంది. గీత గీసినట్టు పోయే కారును ఆయన చాలాసార్లు కలగన్నాడు. పెద్దాయనే దారి చూపించాక ఆగడం కష్టమైంది. ఎర్రవాటికి నల్లరంగు పూశాడు. అది ఆరాక డ్వైట్ ఒకదానికి దండిగా గ్రీజు పట్టించాడు. ఎల్వుడ్ గబుక్కున లాక్కుని, భుజం మీదున్న కోడిపుంజుల బొమ్మల వంటింటి తువ్వాలుతో తుడిచేశాడు.

"గ్రీజు వద్దు. రబ్బరుకి గ్రీజు పెట్టరని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఆవిడ వేలుపెట్టి చూస్తుంది."

"పొడిగా వేస్తే అరుస్తుందిరా!"

"శనివారం ఒక్కపూట నాలుగు మైళ్ళేగా. మెల్లగా నడుపుతాను. సోమవారం విప్పి నీ ఇష్టమొచ్చినంత పెట్టుకో."

ఇక మిగిలింది రబ్బరు పెట్టె. కారులో ఉండాల్సిన బుష్‌లు పెట్టెలో కనిపిస్తే కొంప మునుగుతుంది. ఎల్వుడ్ బాగా ఆలోచించి, దాన్ని తీసుకెళ్ళి దెయ్యం పట్టీ మీద పెట్టాడు. కాలిబాటకూ రోడ్డుకూ మధ్య ఉండే గడ్డి జాగాను అక్రాన్‌లో తప్ప లోకంలో ఇంకెవరూ ఆ పేరుతో పిలవరు. అక్కడ పెట్టిన వస్తువు ఎవరిదీ కాదు, ఎవరికి కావాలంటే వాళ్ళది. విరిగిన కుర్చీ కూడా అక్కడ అరగంట నిలవదు. ఎల్వుడ్ నిశ్చింతగా భోజనానికి వెళ్ళిపోయాడు.

పెట్టె పది నిమిషాలే నిలిచింది. దాన్ని తీసుకున్నది ఎదురింటి ఓపల్. ఓపల్ వెల్మాతోపాటు ప్రెస్సుల దగ్గర పనిచేసింది. ఇప్పుడు ఆవిడకు రెండు హోదాలున్నాయి. ఒకటి నోటరీ ముద్ర. రెండోది పాతవాళ్ళ ఫోను గొలుసు. ఎవరైనా పోతే ఆవిడ ముగ్గురికి చెబుతుంది, ఆ ముగ్గురూ తలా ముగ్గురికి చెబుతారు, గంటలో ఊరంతా ఏడుపు ముఖం పెడుతుంది.

ఓపల్ పెట్టె మీది చీటీ చదివింది. షెవెల్, ముందు బుష్‌లు, అన్నీ కొత్తవి. కొత్త సామాను పారేశారంటే కారు వదిలించుకుంటున్నారన్నమాట. క్లైడ్ కారును వెల్మా వదిలించుకుంటోందంటే ఒంట్లో బాగాలేదేమో. ఈ 'ఏమో'ను ఆవిడ ముగ్గురికి చెప్పింది.

ఫోను గొలుసుకు చావు కబుర్లు మొయ్యడమే అలవాటు. ఇంకోరకం కబురు మొయ్యడం దానికి చేతకాదు. మొదటి మెట్టులో వెల్మాకు ఒంట్లో బాగాలేదు. రెండో మెట్టులో ఆస్పత్రిలో ఉంది. మూడో మెట్టు దాటేసరికి ప్రాణం పోయింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి గుమ్మం గంట మోగింది. వెల్మాయే వెళ్ళి తలుపు తీసింది. ఎదురుగా పాత ప్యాకింగ్ సెక్షన్ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు, నల్ల గౌన్లలో, చేతుల్లో చావింటికి ఇచ్చే ఆనవాయితీగా చీజు వేసి కాల్చిన వేడివేడి బంగాళాదుంపల కాసరోల్‌తో.

"అయ్యో వెల్మా పోయిందట..." అని మొదలుపెట్టిన మొదటావిడ, ఎదుటి మనిషిని చూసి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"ఎక్కడికి?" అంది వెల్మా.

రెండో ఆవిడ గిన్నె మాత్రం ముందుకు చాచే ఉంచింది. వెల్మా మూత తీసి, వేలితో కొంచెం రుచి చూసింది.

"నా చావుకి ఇంత తక్కువ చీజా, లొరీటా? మీ ఆయన చావుకి నేను రెట్టింపు వేశాను."

పదకొండింటికల్లా వంటింట్లో ఏడు కాసరోల్‌లూ, మూడు జెల్లీలూ, ఒక పంది తొడా చేరాయి. డార్లీన్ వాటికి చోటు లేక కుళాయి తొట్టిలో కూడా పెట్టింది. "ఎల్వుడ్, ఇదంతా ఎక్కణ్ణుంచి మొదలైంది?" అని అడిగింది. ఎల్వుడ్ పంది తొడకు చోటు వెతికే పనిలో పడ్డాడు.

సరిగ్గా పన్నెండింటికి ఇంటి ముందు పెద్ద చప్పుడు. కొలంబస్ నుంచి రాండల్ దిగాడు. నల్ల టై, ఏడుపు ముఖం, వెనకాల కారు ఎక్కించే ట్రైలరు. వరండాలో కూచుని తన చావు తాలూకు జెల్లీ తింటున్న పిన్నిని చూసి ఆయన మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"పిన్నీ! నువ్వు... ఎంత సంతోషంగా ఉందో!"

"కనపడుతోంది. ఫోన్ చేసి కనుక్కోలేకపోయావా, నాయనా?"

"శోకంలో ఉన్నవాళ్ళని ఫోన్లతో ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

"ట్రైలరుతో వచ్చేశావు."

అప్పుడే ఓపల్ రోడ్డు దాటి వచ్చింది. తన గొలుసు ఇంతపని చేసినందుకు ముఖం కందగడ్డలా ఉంది. చేతిలో రబ్బరు పెట్టె. "నా తప్పేం లేదు వెల్మా. కొత్త రబ్బరు దెయ్యం పట్టీ మీద పారేసి ఉంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది?"

వెల్మా పెట్టె తెరిచి చూసింది. నిన్న గోటితో నొక్కిన బుష్ పైనే ఉంది.

"ఎల్వుడ్," అంది.

"రెండు సెట్లు వచ్చాయత్తయ్యా. షాపువాళ్ళు పొరపాటున... ఒకటి ఎక్కువైంది."

"పిన్నీ, రబ్బరు పెట్టెలోనే ఉంటే కారులో ఏముంటుంది? ఇతను ప్లాస్టిక్ వేశాడు!" అన్నాడు రాండల్. శోకం ఆయన ముఖంలోంచి ఎప్పుడో దిగిపోయింది. "బాబాయి కారుకి ప్లాస్టిక్! కావాలంటే కిందకి చూడు!"

కంచె అవతల నుంచి డ్వైట్ వచ్చేశాడు. స్నేహితుణ్ణి ఆదుకోవాలన్న ఆవేశంలో ఉన్నాడు. "ఆ మాటకొస్తే అమ్మా, మీ ఆయనే..." అని అందుకున్నాడు. ఎల్వుడ్ తన పనిబూటు మడమతో అతని కాలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు. "...మీ ఆయనే ఉండుంటే ఎంత బాగుండేది!" అని డ్వైట్ నీళ్ళు నిండిన కళ్ళతో ముగించాడు.

నిజం చెబితే ఎల్వుడ్ ఆ క్షణంలోనే బయటపడేవాడు. క్లైడ్ చేసిందే నేనూ చేశానంటే ఏ నోరూ లేచేది కాదు. కానీ ఆ ఫొటో కళ్ళ ముందు ఆడింది. కారు పోతే పోయింది అనుకున్నాడు.

షెవెల్ ముందు చక్రాలు ఇంకా ర్యాంపుల మీదే ఉన్నాయి. వెల్మా చిన్న స్టూలు వేయించుకుని కూచుని, టార్చి పట్టుకుని కిందికి వంగింది. వేలు పెట్టి రాసింది. గోటితో నొక్కింది. తర్వాత చాలాసేపు తన గోటిని చూసుకుంది.

"పొడిగా ఉంది," అంది చివరికి. "గ్రీజు లేదు. ఓపల్, నువ్వొకసారి లోపలికి రా. రాండల్, రేపు విందుకి ఉండు. ఇంత తిండి ఎవరు తింటారు?"

ఎల్వుడ్ ఆ రోజుకు బతికిపోయాడు.

శనివారం పొద్దున ఇల్లు దాటి మొదటి మలుపు తిరిగాడు. కారు గీత గీసినట్టు పోయింది. టకటక లేదు. ఎల్వుడ్‌కు ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింత ఇటుకల వీధి మొదలయ్యేదాకా ఉంది. మొదటి ఇటుక మీద ముందు చక్రాల్లోంచి ఒక పందిపిల్ల అరిచింది. రెండో ఇటుక మీద పందుల దొడ్డి మొత్తం లేచింది. కాలిబాట మీద కుక్కలు ఆగిపోయాయి. వెనక సీట్లో డార్లీన్ చెవులు మూసుకుంది. వెనకాలే ట్రైలరు ఈడ్చుకుంటూ వస్తున్న రాండల్ కిటికీలోంచి తల బయటపెట్టి హాయిగా నవ్వుతున్నాడు.

"ఏంటా చప్పుడు?" అంది పక్క సీట్లోంచి వెల్మా.

"స్ప్రింగులత్తయ్యా," అన్నాడు ఎల్వుడ్. ఆయన గొంతు కూడా కీచుమంది.

కారు అరుచుకుంటూ గేటు చేరింది. ముందున్న కార్లలోంచి జనం వెనక్కి తిరిగి చూశారు. నిన్న ఆవిడ కోసం ఏడ్చినవాళ్ళలో ఒకరిద్దరు శిలువ గుర్తు వేసుకున్నారు. ఎల్వుడ్ ఇంజను ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, దాన్ని చివరిసారి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అత్తయ్యా, చప్పుడు చెయ్యకుండా తీసుకురాలేకపోయాను. మాట తప్పాను. రాండల్‌కే ఇవ్వండి."

"క్లైడ్ కూడా స్ప్రింగులనే చెప్పాడు," అంది వెల్మా గేటు వైపు చూస్తూ. "పదకొండేళ్ళు చెప్పాడు. అరిచీ అరిచీ వాటికే గొంతుపోయి టకటక మొదలైంది గానీ, ఆయన మాత్రం మాట మార్చలేదు."

ఎల్వుడ్ మెల్లగా తల తిప్పాడు.

"అప్పట్లో క్లైడ్ కూడా నా మంచి తువ్వాలుతో గ్రీజు తుడిచాడు. దాన్ని ఉతికింది ఎవరనుకున్నావు? నీ కోడిపుంజుల తువ్వాలు కూడా నిన్న పొద్దున నేనే ఉతికాను." బొటనవేలు చూపించింది. గోటి కింద నల్లరంగు ఇంకా ఉంది. "రంగు పూస్తే కనీసం రెండు పూతలు వెయ్యాలి. క్లైడ్ రెండు వేశాడు."

"అన్నీ తెలిసి... మామయ్యని ఎప్పుడూ అడగలేదా?"

"ముప్ఫై నాలుగేళ్ళు రబ్బరు పొగ పీల్చినవాడికి ఒక్క ప్లాస్టిక్ ముక్క మీద మోజు పడే హక్కు లేదా? నేను బాధపడతానని దాచాడు. దాచుకోనిచ్చాను. ఆ కీచుమన్నప్పుడల్లా నేనంటే ఈయనకి ఎంత భయమో, ఎంత ఇదో అనుకునేదాన్ని." ఆవిడ కట్టుడు పళ్ళు సర్దుకుంది. "నిన్న నువ్వు ఆ డ్వైట్ కాలు తొక్కావు. ఎందుకు తొక్కావో నాకు తెలీదనుకున్నావా?"

చేతిసంచీ తెరిచి కారు కాయితం తీసింది. దాని మీద ఎల్వుడ్ పేరు, కింద ఆవిడ సంతకం, పక్కన ఓపల్ నోటరీ ముద్ర. తేదీ శుక్రవారానిది.

ఎల్వుడ్ కాయితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. కళ్ళు తుడుచుకుందామని జేబులో చెయ్యి పెడితే తువ్వాలే వచ్చింది. ఉతికినా దాని మీది మరక అలాగే ఉంది.

"హారన్ కొట్టు," అంది వెల్మా. "ఇక గ్రీజు కూడా పెట్టించు. నాకు చెవులు పూర్తిగా పోలేదు."

ఎల్వుడ్ మూడుసార్లు కొట్టాడు. మూడోది కొంచెం ఎక్కువసేపు మోగింది.

రాండల్‌ను కూడా ఎవరూ ఉత్తచేతులతో పంపలేదు. విందయ్యాక రబ్బరు బుష్‌ల పెట్టెను ఆయన ట్రైలరు నడిమధ్యన పెట్టి, దారిలో కదలకుండా నాలుగు మూలల నుంచీ నాలుగు బెల్టులు బిగించి, కొలంబస్‌కు సాగనంపారు.